రూతమ్మ రెండో బాప్తిస్మం

రూతమ్మకు యాభై రెండో ఏట, కన్నకొడుకు పెళ్ళికి పోతూ, దారిలో మళ్ళీ బాప్తిస్మం తీసుకోవలసి వచ్చింది. పందొమ్మిది వందల ముప్ఫై ఆరో సంవత్సరం మాట.

ఏలూరు నుంచి బస్సులో వచ్చి కుటుంబమంతా కొవ్వూరు గోదావరి గట్టున దిగారు. పెళ్ళి అవతల రాజమండ్రిలో. లాంచీకి ఇంకా గంట ఉంది. ఇంతలో పెళ్ళికూతురి తండ్రి కృపానందం పాస్టరుగారు ఎదురొచ్చి, పెళ్ళికొడుకు ఏసోబును పక్కకు పిలిచారు. వాడు తల వేలాడేసుకుని తల్లి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నీది చిలకరింపు బాప్తిస్మం కదా, వాళ్ళ సంఘంలో చెల్లదంట. నువ్వు పారే నీళ్ళలో మునిగితేనే పెళ్ళంట."

"మరి నీది చెల్లిందా?"

"నేను పోయిన నెలే మునిగొచ్చానమ్మా. నీకు చెప్పలేదు. ఒక్క మునకేగా!"

ఒక్క మునకేనట! పదహారో ఏట మిషన్ దొరగారు నెత్తిన చిలకరించిన మూడు చుక్కల కోసం రూతమ్మ కొల్లేటి లంకలో పుట్టింటిని పోగొట్టుకుంది. తల్లి పోయిందని తెలిసి పరుగెత్తితే, దాటించడానికి ఒక్కరూ దోనె పంపలేదు. ఈదుకుంటూ పోయింది. ఒడ్డు అందబోతుండగా అన్న గంగరాజు పడవ గెడ ఆమె భుజానికి మోపి, నీళ్ళలోకి తొక్కాడు. నోటినిండా నాచు. తల్లి ముఖం చూడకుండానే వెనక్కి ఈదింది.

ఆ బాప్తిస్మం ఇప్పుడు చెల్లదట.

రూతమ్మ కొంగు దోపుకుని నీళ్ళలోకి దిగింది.

"భయపడకండమ్మా, నేను పట్టుకుంటాను," అన్నారు పాస్టరుగారు.

"కొల్లేట్లో పుట్టినదాన్నండి. నాకు భయం మనుషులంటేనండి."

"పాత జీవితాన్ని విడిచిపెడుతున్నారా?"

"అదెప్పుడో విడిచిపెట్టానండి. ఇప్పుడు విడవడానికి నా దగ్గరేం మిగిల్చారండీ?"

ఆయన చాపిన చెయ్యి తోసేసి, తనే మునిగి, తనే లేచింది. గట్టు మీదివాళ్ళు ఆమేన్ అన్నారు.

కూతురు ఎలిజబెత్ పొడి చీర తెస్తే అందుకోలేదు.

"ఏరా ఏసోబూ, నా బాప్తిస్మమే చెల్లకపోతే, అదిచ్చిన గుళ్ళోనే అయిన నా పెళ్ళి చెల్లుతుందా? నువ్వెవరి కొడుకువో మీ మామగారినడుగు."

"అమ్మా, జనం వింటున్నారు."

"విననీ. నీ పెళ్ళికి కావలసింది నా మునక. ఇచ్చేశాను. ఇక నేనెందుకు?"

లాంచీ కూత వేసింది. ఏసోబు తల్లిని ఒకసారి చూసి, లాంచీ ఎక్కాడు.

రూతమ్మ తిరుగు బస్సెక్కింది.

"తడి బట్టలతో సీటు మీద కూర్చోకండి మామ్మగారూ," అన్నాడు కండక్టరు.

"కూర్చుంటానని ఎవరన్నారు నాయనా?"

తాడేపల్లిగూడెం చేరకముందే చీర ఆరిపోయింది. అయినా ఏలూరుదాకా కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.