ముందు కుక్కను కట్టేయాలి

నా చిన్నప్పుడు మా వైపు ఎవరైనా "ఎవురబ్బీ నువ్వు?" అని అడిగితే సొంత పేరు చెప్పేవాళ్లం కాదు. ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత తాత, ఆయన తర్వాత నాయన, చివరికి అమ్మ పుట్టిల్లు. ఈ వరుసలో ఎక్కడో ఒకచోట అడిగినవాడికి తెలిసిన మనిషి తగిలేవాడు. తగలగానే ఆయన మనకు మామో, అన్నో అయిపోయేవాడు. మంచినీళ్లు వచ్చేవి. అరుగు మీద చోటు దొరికేది. మన పేరు మాత్రం చివరిదాకా ఎవరికీ అక్కరలేకపోయేది.

మా చుట్టుపక్కల ఊళ్లకు ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. రైలు షెడ్డుకు సరిపోతుందా అన్నదే ఆ వేసవిలో నన్ను పట్టుకున్న దిగులు.

అప్పట్లో మా ప్రాంతం కర్నూలు జిల్లాలో, జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. మాది త్రిపురాంతకం దగ్గర మెట్టపల్లె. వానలు మొహం చాటేయడంతో నా చదువు సగంలో ఆగింది. రైలింజన్లు బాగుచేసే షెడ్డులో పని నేర్చుకోవడానికి కుర్రాళ్లను తీసుకుంటున్నారనీ, ఫోర్‌మన్ ఎదుట నిలబడి ఎవరికివారు తమ సంగతి చెప్పుకోవాలనీ మా బడి మాస్టారు కబురు తెచ్చారు. అది దొరక్కపోతే నాకు మిగిలేది మార్కాపురం పలకల గని. మా అన్న అప్పటికే అక్కడ రాయి చీలుస్తున్నాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా దగ్గు వెంట తెచ్చుకునేవాడు. అన్న దగ్గినప్పుడల్లా నాయన వాడి వైపు కాక నా వైపు చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఏదైనా అని ఉంటే నాకు అంత భయం వేసేది కాదేమో.

ఫోర్‌మన్ ముందు ఏం చెప్పాలో ఇద్దరు నేర్పారు. మాస్టారు ఒక పొడుగాటి ఇంగ్లీషు వాక్యం వల్లె వేయించారు. నాయన మా వంశం మొత్తం వల్లె వేయించాడు. "అడిగినోడు పెద్దోడైతే ముత్తాత కాడ్నుంచి చెప్పాలిరా" అన్నాడు. ఏదైనా వరుసలో పెట్టుకుంటేగాని నాకు మనసు కుదుటపడదు. తర్వాత జీవితమంతా యంత్రాలతో గడిపినవాణ్ణి, ఆ గుణం అప్పుడే ఉంది. కాని ఆ రెండు పాఠాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. ముత్తాత పేరు మధ్యలో ఇంగ్లీషు మాట దూరేది.

నాయనకు జ్వరం రావడంతో నన్ను పెద్దనాయన వెంట పంపారు. ఆయన గొర్రెల కాపరి. వేసవిలో ఊరూరా మంద తోలుకుపోయేవాడు. కోతలైన చేలల్లో రాత్రిపూట గొర్రెల్ని పడుకోబెడితే వాటి పెంటతో నేల బలపడుతుంది, రైతు గింజలు పెడతాడు. ఆ ఏడు ఆయన దారి షెడ్డున్న ఊరి మీదుగానే. మంద వెనకాల ఒక నల్ల కుక్క నడిచేది. తోడేలునైనా నిలేసేది గాని, కొత్త మనిషి కనబడితే పళ్లు చూపించేది. నన్ను మాత్రం దూడ తల్లిని అంటిపెట్టుకున్నట్టు అంటిపెట్టుకునేది.

మొదటిరోజు దారంతా నేను గొణుక్కుంటూనే నడిచాను. పెద్దనాయన వింటూనే గొర్రెల్ని అదిలించుకుంటూ నడిచాడు. పొద్దు వాలేవేళకు ఒక ఊరి పొలిమేరలో బావి, కోసిన జొన్నచేను, గట్టున కూర్చున్న రైతు కనిపించారు. పెద్దనాయన కర్ర మీద గడ్డం ఆనించి, "పోయి అడుగు, ఈ రాత్రికి మంద కడతామని. నువ్వు చెప్పుకునే దానికి పోతాండావు గదా, ఈడ చెప్పి చూడు" అన్నాడు.

వెళ్లాను. రైతు "ఎవురబ్బీ?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాలో తూము తెరుచుకున్నట్టయింది. ఊరు, ఇంటిపేరు, ముత్తాత, తాత, నాయన, అమ్మ పుట్టిల్లు, అక్కడి మేనమామల వరకూ తడబడకుండా చెప్పేశాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. చెబుతుంటే ఒకటి గమనించాను. ఆయన నా మొహం చూడటం లేదు. నా మోకాళ్ల పక్కకు చూస్తున్నాడు.

"మీ తాత మంచోడేలే అబ్బీ. ఆ కుక్కెవురిది?"

వెనక్కి తిరిగి చూస్తే నల్లది. నా వెంటే వచ్చి, పళ్లు బయటపెట్టి నిలబడి ఉంది. ఈలోపు ఆయన ఇల్లాలు లేచి, "మేకలుండాయా మందలో? మా మిరపతోట కొరుకుతాయి" అంది. ముత్తాత దగ్గర నుంచి నేర్చుకున్న నా వరుసలో మేకల మాట లేదు. మళ్లీ మేనమామల పేర్లే మొదలుపెట్టాను. "మా చేనుకు మీ వంశమెందుకులే నాయనా, పోండి పోండి" అన్నాడాయన. ఆమె నవ్వింది.

ఆ రాత్రి మంద రాళ్లదిబ్బ మీద పడుకుంది. నీళ్లు లేవు. తోడేలు ఊళ దగ్గర్లోనే వినబడితే పెద్దనాయన ఒక మూల, నేనొక మూల కాపు కాశాం. తెల్లారేదాకా నా మూల వదిలి కదల్లేదు. నా వల్లే మంద దాహంతో ఉందన్న బాధ ఒకటి, షెడ్డుకు పోయాక ఫోర్‌మన్ ముందు కూడా ఇంతేగదా అన్న బెంగ ఒకటి.

మరునాడు సాయంత్రం ఇంకో ఊరు. ఈసారి ఆయనే బయలుదేరాడు. బయలుదేరే ముందు కుక్కను తెచ్చి తుమ్మచెట్టుకు కట్టాడు, రైతుకు కనబడేటట్టు. మందను దూరంగానే ఆపాడు. నన్ను వెంట రమ్మన్నాడు. చేను గట్టు దాటకుండా ఇవతలే నిలబడి, అడగకముందే మొదలుపెట్టాడు.

"కుక్కను కట్టేసినా అన్నా, అదిగో. మేకలు కొన్ని ఉండాయి, లేవనను. వాటిని తాళ్లకేస్తాం, మీ తోట ముట్టవు. తడికలు మావే. ఈ రాత్రి ఈ పక్క, రేపు ఆ పక్క కడతాం, చేనంతా సమంగా పడుతుంది. రెండు కుంటి గొర్రెలుండాయి, బావి దగ్గర చోటిస్తే మేలు."

అప్పటిదాకా లేచి నిలబడి ఉన్న రైతు కూర్చున్నాడు. కాసేపు చేను వైపు చూసి, ఆ చివర నేల మరీ బలహీనమనీ, అక్కడ మూడో రాత్రి కూడా కడతారా అనీ అడిగాడు. బేరం కుదిరిన తర్వాత, నీళ్ల చెంబు చేతికిస్తూ అప్పుడు అడిగాడు: "ఇంతకీ ఎవురన్నా మీరు?" పెద్దనాయన అప్పుడు చెప్పాడు ఊరూ పేరూ.

తడికలు పాతుతూ ఆయన అన్న మాట ఇది. "ఆ మనిషి నిన్ను చూట్టంలేదురా. వాని చేను చూసుకుంటాండాడు. దానికేమైతుందో అని వానికి బయం. ముందు ఆ బయం తీసెయ్యి. నీ తాత ఎక్కడికీ పోడు, ఎనకాల వస్తాడు." అంతకంటే విడమరచి చెప్పలేదు. నాకు సగమే అర్థమైంది.

ఆ చేనులో మూడు రాత్రులయ్యాక షెడ్డున్న ఊరు చేరాం. షెడ్డు బయట బల్ల మీద మమ్మల్ని కూర్చోబెట్టారు. చొక్కాల మీద ఇస్త్రీ ఉన్నవాళ్లు, చెప్పులున్నవాళ్లు, నేను. లోపల ఇంజను ఒక్కసారి ఆవిరి వదిలితే బల్ల మొత్తం ఉలిక్కిపడింది. మసి పట్టిన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ షెడ్డులో కూలిపని చేసే ఒక ముసలి కలాసీ నవ్వాడు. "ఈ బుస్సుకే మీ పల్లెల పిల్లోళ్లు ఊరికి ఉరుకుతారు. మొన్నొకడు తిరునాళ్లకని పోయినాడు, ఇంతవరకు రాలే. దొరికినోడు దొరికినట్టే పారిపోతే ఫోర్‌మన్ అయ్యకు కోపం రాదా?"

నా వంతు వచ్చింది. ఫోర్‌మన్ గారు అరవాయన, తెలుగు ఆచితూచి మాట్లాడేవాడు. తల ఎత్తకుండానే, "ఎవరు నువ్వు, చెప్పు" అన్నాడు. ఇంగ్లీషు వాక్యం ఎటు పోయిందో పోయింది. నా నోరు అలవాటుగా "మాది త్రిపురాంతకం పక్కన..." అని మొదలుపెట్టింది. ఆయన చూపు కిటికీలోంచి బయట ఇంజను మీదికి పోయింది. అచ్చం ఆ మొదటి రైతు చూపే. ఆగిపోయాను.

"నేను పారిపోనయ్యా" అన్నాను.

ఆయన తల ఎత్తాడు. ఎవరు పారిపోతావన్నారని అడిగాడు. ఇక ఆగకుండా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పాను. తిరునాళ్లకని పోను. మొన్న మా మంద దగ్గరకు తోడేలు వచ్చినప్పుడు నా మూల వదల్లేదు. చెప్పిన పని చెప్పిన వరుసలో గుర్తుపెట్టుకుంటాను. ఇంగ్లీషు చదవగలను, మాట్లాడలేను. నిప్పంటే భయం ఉంది, లేదనను.

"భయమా?" అన్నాడాయన.

అంతా పోయిందనుకున్నాను. కళ్ల ముందు పలకల గని కనబడింది. ఆయన తన ఎడమచెయ్యి బల్ల మీద పెట్టాడు. రెండు వేళ్లు సగం వరకే ఉన్నాయి. "నాకు భయం లేదు, అప్పుడు" అన్నాడు. తర్వాత కలం తీసి, "సరే. పేరు చెప్పు" అన్నాడు.

ఆయన అడిగింది మా ఊరి పేరు కాదు, తాత పేరు కాదు, నాది. అలా అడిగిన మొదటి మనిషి ఆయనే. అంత తెలిసిన మాటే అయినా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మరునాడు పొద్దున్నే పనికి రమ్మన్నారు. బయటికొస్తే పెద్దనాయన రోడ్డుకవతల కూర్చుని ఉన్నాడు, కుక్క మైలురాయికి కట్టి ఉంది. "మీ తాత పేరు అడిగినారా?" అన్నాడు. లేదన్నాను. "చేను దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాను. ఆయన లేచి తాడు విప్పుకుని మంద వైపు నడిచాడు. అంతే మా సంబరం.

తర్వాత్తర్వాత నేనే బల్లకు అవతలి పక్క కూర్చుని ఎందరో కుర్రాళ్లను "ఎవరు నువ్వు?" అని అడిగాను. తాతల దగ్గర నుంచి మొదలుపెట్టిన పిల్లవాణ్ణి నేనెప్పుడూ మధ్యలో ఆపలేదు. చివరిదాకా విని, నా భయం ఏమిటో నేనే చెప్పేవాణ్ణి. చాలామంది దానికి జవాబు చెప్పగలిగేవాళ్లు.

ఇప్పుడు ఉద్యోగమూ లేదు, ఎవరి ఎదుటా నిలబడాల్సిన అవసరమూ లేదు. అయినా కొత్త గడప ఎక్కాల్సి వస్తే గుండె అలాగే కొట్టుకుంటుంది, అది మాత్రం తగ్గలేదు. తలుపు తట్టే ముందు ఆగి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను, నల్లది నా వెంటే వచ్చిందేమోనని.