మూడోనాడు కలిపిన ఊరగాయ

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, కాళ్ళు చాపుకోండి, ఏం ఫరవాలేదు. నేను చదివింది మూడో తరగతే, అందుకని రాసేటప్పుడు కూడా మాట్లాడినట్టే రాస్తాను. ఒక జాడీడు మామిడికాయ ఊరగాయ సంగతి చెబుతాను. అది చెడిపోయి ఉంటే నాకు సొంత పొయ్యి అనేది ఉండేది కాదు. చెడిపోలేదు. చెడిపోకపోవడం వల్ల ఏమైందో కూడా చెప్పాలి.

కర్నూలు రాజధాని అయి, ఊరి చుట్టూ గుడారాలు వేసిన రోజులు. మా ఆయన కె.సి. కాలువ మీద లస్కరు. గట్టు వెంట నడుస్తూ, తూములు ఎత్తుతూ దించుతూ, గండి పడకుండా చూసుకునే పని. నందికొట్కూరు దాటినాక, ఏ ఊరికీ దగ్గర కాని చోట, గట్టు మీద మాకు ఇల్లిచ్చారు. ఒకే కప్పు కింద రెండిళ్ళు, ముందు ఒకటే వసారా, నడిమి ఒక గోడ. గోడకు అవతల ఇంకో లస్కరు, ఆయన భార్య. ఆమె నాకంటే పదేళ్ళు పెద్దది. చర్చికి పోయే కుటుంబం. పిల్లలు హాస్టల్లో చదువుకునేవాళ్ళు. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని, గట్టు వెంట ఒక్కతే నడిచిపోయి, ఎండెక్కినాక ఒక్కతే తిరిగి వచ్చేది.

మా అత్తగారిది కమలాపురం పక్కన పల్లె. పూటకు ఇరవై విస్తళ్ళు లేచే ఇల్లు. నన్ను కాలువ మీద దిగబెట్టిన రోజు ఆమె రెండు మాటలు చెప్పింది. ఒకటి, పక్కింటామెను గడప దాటి రానీయవద్దని. కులం మాట ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేదు. రెండో మాట జాడీ చేతికిస్తూ చెప్పింది.

"ఈ ఎండాకాలం నీ చేత్తోనే ఊరగాయ పెట్టు. వానలు పడేదాకా నిలిస్తే ఈడనే ఉండు. బూజు పట్టిందా, మూట కట్టుకొని ఇంటికి రా. వానికి ఇంత ఉడకేసేవాళ్ళు యాడైనా దొరుకుతారు."

ఆమె చెడ్డది కాదు. పందొమ్మిదేళ్ళ పిల్ల గట్టు మీద ఒంటిగా ఎట్లా బతుకుతుందని ఆమె భయం. కానీ ఆ ఇంటికి తిరిగిపోతే మా ఆయన నాకు పండగకొకసారి వచ్చే చుట్టం అయిపోతాడు. నాకు అది ఇష్టం లేదు.

కాలువలో నీళ్ళున్నన్నాళ్ళు ఎట్లాగో గడిచింది. నీళ్ళ చప్పుడు కూడా ఒక తోడే. ఎండాకాలం వచ్చేసరికి కాలువ కట్టేశారు. నీళ్ళు ఆగిన రోజు నా చెవుల్లోంచి ఏదో ఊడిపోయినట్టయింది. మరమ్మతు పనులకని ఇళ్ళలోని మగవాళ్ళిద్దరినీ సుంకేసుల ఆనకట్ట దగ్గరికి తీసుకుపోయారు. ఇంక గట్టు మీద మేమిద్దరమే. పొద్దున నేను రొట్టె తట్టడం మొదలుపెడితే గోడ అవతల ఆమె కూడా తట్టేది. ఒక్కదానికే కదా, ఒక రొట్టె చాలు. అయినా చప్పుడు కోసం నేను రెండు చేసేదాన్ని. అవతల కూడా రెండు రొట్టెల సేపు చప్పుడు వినిపించేది. మాటలు మాత్రం నీళ్ళ కుండ దగ్గర, కట్టెల దగ్గర, అవసరానికి ఒకటో రెండో. నేను "ఏమ్మే" అనేదాన్ని. ఆమె "అమ్మా" అనేది.

ఊరగాయ పెట్టిన రోజు మాత్రం నాకు ఒంటరితనం తెలియలేదు. తోట నుంచి బండి మీద వచ్చిన కాయలు, టెంక ముదిరినవి, కొరికితే పళ్ళు పులిసేవి ఏరుకున్నాను. కడిగి, ఒక్కో కాయనూ పసిబిడ్డను తుడిచినట్టు పొడిబట్టతో తుడిచాను. కత్తిపీట మీద టెంకతో సహా ముక్కలు కొట్టి, జీడి తీసి, లోపలి పొర గీకి పారేశాను. మిరపకాయలు దంచాను, ఆవాలు ఎండబెట్టి విసిరాను, మెంతులు దోరగా వేయించి పొడి చేశాను. చేతులు మోచేతుల దాకా మండుతుంటే ఏదో సంతోషం. ఆ సాయంత్రం మా ఇల్లు పదిమంది ఉన్న ఇంటిలాగా వాసన వేసింది. అన్నీ ఉప్పుతో కలిపి, సగం నూనె పోసి, మిగిలింది మూడోనాడు పోయొచ్చని అట్టే పెట్టి, జాడీ మూతికి గుడ్డ కట్టి మూలన పెట్టాను.

మరునాడు తెల్లవారేసరికి నేను బయట చేరాను. ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో కానీ, ఆ మూడునాళ్ళూ ఆడది వంటింట్లోకి పోకూడదు, ఊరగాయ జాడీని ముట్టుకోవడం కాదు కదా, దాని మీద నీడ కూడా పడకూడదు. పడితే చెడుతుందని మా గట్టి నమ్మకం. ఊరగాయ మూడోనాడు కింది ముక్క పైకి, పై ముక్క కిందికి వచ్చేట్టు కలపాలి, ఉప్పు చూడాలి, నూనె పోయాలి. లేకపోతే ఆ ఎండలకు పై ముక్కలు ఎండి బూజు పడతాయి. పెద్దింట్లో ఇది ఒక కష్టమే కాదు. నేను బయటుంటే తోడికోడలు కలుపుతుంది, ఆమె బయటుంటే ఆడబిడ్డ. మా అమ్మ, మా అత్త, నాకు ఊరగాయ నేర్పిన వాళ్ళంతా ఆడవాళ్ళు నిండిన ఇళ్ళల్లో పెట్టినవాళ్ళే. ఒక్కతే ఉన్న ఇంట్లో ఎట్లా నిలబెట్టాలో వాళ్ళెవరూ చెప్పలేదు, వాళ్ళకూ తెలియదు.

వసారా చివర చాప వేసుకుని, బొరుగులు నములుతూ కూర్చున్నాను. ఊరగాయ పెట్టిన మూడోనాడు వచ్చింది, నేను ఇంకా చాప మీదే. పక్కింటామె కట్టెలు దించి నన్ను చూసింది.

"ఏమ్మా, పొయ్యి ముట్టించలేదే?"

సంగతి చెప్పాను. జాడీ సంగతి చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆమె కట్టెలు సర్దుకుంటూ ఉంది. నేనే అడిగాను.

"అక్కా, నువ్వు కలిపి పెడతావా?"

కట్టె పట్టుకునే నిలబడింది. "లోపలికి రమ్మంటాండావా?"

"రమ్మంటాండా."

"బాగా ఆలోచించుకో. నన్ను తాకితే ఒక మైల, ఈ మూడునాళ్ళు నిన్ను తాకితే ఇంకో మైల. రెండిట్లో జాడీకి ఏది తక్కువో చెప్పు, దాని చేతనే కలిపిద్దాం."

నవ్వుతూనే అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఆమె ఇంటికి పోయి తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నేను అడగలేదు. తడి ఉండకూడదని చేతులు ఎండలో చాపి ఆరబెట్టుకుంది. గడప దగ్గర ఆగి మళ్ళీ ఒకసారి నా మొహం చూసి, అప్పుడు కాలు లోపల పెట్టింది. నాకు కనబడేట్టు జాడీని వాకిట్లోకి తెచ్చుకుని, తెడ్డు పెట్టి అడుగు దాకా కలిపింది. పై ముక్కలు అప్పటికే ముడతలు పడి ఉన్నాయి. ఇంకొక రోజు ఆగి ఉంటే అంతే. నేను వసారా ఆ చివర నుంచి చెప్పడం, ఆమె చేయడం. నూనె పోసింది. ఇంక ఉప్పు చూడాలి. ముక్క నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది.

"చప్పగుండాది."

"మా అత్త కొలతే వేసినా అక్కా."

"మీ అత్త నాలిక కమలాపురంలో ఉండాది. ఈడ ఉండేది నాదే. ఇంకో గుప్పెడు పడాల."

పోయమన్నాను. ఆ మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె, చెనక్కాయల పొడి తెచ్చి పెడితే తిన్నాను. ఎండ వసారా దిగేదాకా కూర్చుని మాట్లాడుకున్నాం. అన్ని నెలల మాటలు అప్పుడు బయటికి వచ్చాయి. ఆదివారాలు చర్చిలో పాట అయిపోగానే ఇల్లు గుర్తొచ్చి అడుగు ముందుకు పడదని ఆమె చెప్పింది.

కాలువకు నీళ్ళు వదిలారు, వానలు పడ్డాయి, మగవాళ్ళు తిరిగి వచ్చారు. ఒక పొద్దున మా అత్త బస్సు దిగి నడిచి వచ్చింది. కాళ్ళు కడుక్కోగానే జాడీ తెమ్మంది. గుడ్డ విప్పి వాసన చూసింది, తెడ్డు అడుగు దాకా దించి తీసింది. బూజు లేదు. ముక్క గట్టిగా ఉంది. వేడి అన్నంలో కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమె మొహం విప్పారింది, తర్వాత ఆలోచనలో పడింది.

"నిలిచింది. కానీ ఈ ఉప్పు మన ఇంటిది కాదే. ఎవరు చూసినారు రుచి?"

నేనే చూశానని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ గోడ అవతల అప్పటిదాకా వినిపిస్తున్న రొట్టె చప్పుడు ఆగిపోయింది. ఆమె వింటోంది. నేనే చూశానంటే, ఆ గడప ఆమె దాటనేలేదని నేను అన్నట్టే.

"పక్కింటక్క చూసింది అత్తా. కలిపింది కూడా ఆమే. నేను బయటుంటిని."

మా అత్త అరవలేదు. కంచం పక్కకు జరిపి, లేచి చేయి కడుక్కుంది. తన సంచి చేతికి తీసుకుంది.

"మాటంటే మాటే. నీ పొయ్యి నీకుండనీ. ఇంక ఈ పొయ్యి మీద ఉడికింది మాకొద్దు."

ఆ పూట బస్సుకే వెళ్ళిపోయింది. తర్వాత వచ్చినప్పుడల్లా తన రొట్టెలు తానే మూట కట్టుకొచ్చేది. మరుదులు వస్తే మంచినీళ్ళు కూడా తాగేవాళ్ళు కాదు. నేను ఆ ఇంటికి పోతే ఎవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు, పని మాత్రం చెప్పేవాళ్ళు కాదు. అంతమంది ఆడవాళ్ళు చింతపండు కొట్టుకుంటూ, అప్పడాలు ఒత్తుకుంటూ ఉంటే నేను వసారాలో చేతులు ముడుచుకుని కూర్చునేదాన్ని. గట్టు మీద ఒంటరితనం దాని ముందు ఎంత!

మా ఆయన ఒకసారి మాత్రం అన్నాడు, "అబద్ధం చెప్పింటే అయిపోయేది కదే" అని. అని, అదే ఊరగాయ మళ్ళీ వడ్డించమన్నాడు.

ఆ చలికాలం పక్కింటి వాళ్ళకు మైదుకూరు వైపు బదిలీ అయింది. సామాను బండికెత్తుతుంటే సగం జాడీ ఊరగాయ మట్టికుండలో పెట్టి ఇచ్చాను. ఆమె మొహమాటపడకుండా ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళ తర్వాత ఆ ఇంటికి ఎవరినీ వేయలేదు. నేను ప్రతి ఏడూ ఊరగాయ పెడుతూనే ఉన్నాను, అన్నీ నిలిచాయి. నిలిచినవాటిని తినడానికి ఇద్దరమే ఉండేవాళ్ళం. సగం తీసుకుపోయి నందికొట్కూరు సంతకు వచ్చేవాళ్ళకు ఆకుల్లో పెట్టి ఇచ్చేదాన్ని, తిని ఏమన్నారో వినాలని.

ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటి పొయ్యి చల్లారకుండా ఉండాలి. మీ జాడీలో ఎవరి చేయి పడినా అది నిలవాలి. మీ పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఎవరూ మధ్యలో లేచిపోకుండా, కడుపునిండా తిని, మళ్ళీ మళ్ళీ మీ గడప తొక్కాలి.