తలుపు బయట మా వదిన

మా వదిన చనిపోయిందని ఫోన్ చేసినప్పుడు అన్న గొంతులో ఏడుపు లేదు. ‘‘మీ వదిన పోయింది. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది. పిల్లకు ఎట్ల చెప్పాలె?’’ అన్నాడు. మా ఇంట్లో అలాంటివి అడగాల్సిన మనిషి ఆమే.

వదిన సిద్దిపేటలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది. మిషన్ తొక్కుతూనే అందరితో మాట్లాడేది. ఎవరైనా కష్టం చెప్పుకుంటే మాత్రం కాలు తీసేసి, విని, మళ్లీ తొక్కేది.

వాళ్ల కూతురు, నా మేనకోడలు, ఇంటర్ చదువుతూ చదువుతూ కాలేజీ మానేసింది. తర్వాత గది దాటి రావడం మానేసింది, చివరికి మాట కూడా. గాలి సోకిందన్నారు చుట్టాలు. వదిన కొమురవెల్లి గుడికి పోయి మొక్కుకుని వచ్చింది. మానసిక వైద్యుడంటే అన్న ఒప్పుకోలేదు, పిల్లకు పిచ్చి అని పేరు పడుతుందని భయం. ఇక వదినకు మిగిలింది చేతిలోని ఫోనే.

ఒక వీడియోలో ఒకాయన ఇదంతా బద్ధకం, నాలుగు తగిలిస్తే లేస్తుందన్నాడు. తెల్లకోటు వేసుకున్న ఇంకొకాయన మెదడుకు పొడి అమ్మాడు. అది తాగి పిల్ల పగలంతా మత్తుగా పడి ఉంటే వదిన భయపడి మోరీలో పారబోసింది. తల్లుల గ్రూపు ఒకటి కనిపిస్తే మనసులోదంతా రాసుకుంది. అది ఎవరో బంధువులకు పంపారు. ఒక పెళ్లిలో ఆడవాళ్లు ఆమెను చుట్టుముట్టి ఆరా తీశారు. ఆమె అన్నం తినకుండానే ఇంటికొచ్చింది.

అయినా వెతకడం ఆపలేదు. చివరికి ఫోన్‌లోనే సలహా చెప్పే ఒక సేవలో ఒక కౌన్సెలర్ దొరికింది. ఏం చదివిందో, ఎక్కడ పనిచేస్తుందో తనే చెప్పి, అనుమానముంటే ఆ దవాఖానకు ఫోన్ చేసి కనుక్కోమందట. వదిన నిజంగానే కనుక్కుంది. ఆ తర్వాత నాతో అన్న మాట మరిచిపోలేను.

‘‘అందరు పిల్లకేమైందనే అడిగిన్రు. ఆమె ఒక్కతే, నువ్వు నిద్రపోతున్నవా అమ్మా అని నన్నడిగింది.’’

పిల్లను నేరుగా డాక్టరుకు చూపించమని, అప్పటిదాకా జవాబు అడగకుండా దగ్గర కూర్చుని మాట్లాడుతుండమని కౌన్సెలర్ చెప్పింది. రోజూ మధ్యాహ్నం వదిన గది తలుపు బయట కూర్చుని, జాకెట్లకు హుక్కులు కుడుతూ టమాటల ధర గురించీ, పక్కింటి పిల్లి గురించీ చెప్పేది. నేను వెళ్లినప్పుడు ఆమె పక్కనే కూర్చునేదాన్ని. లోపల ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నేను విసుగుపడితే, ‘‘పిల్ల ఇంటది. ఇనుడు గూడ మాట్లాడుడే’’ అనేది.

ఒకరోజు లోపలినుంచి, ‘‘ఆ జాకెట్ ఎవలది?’’ అని వినిపించిందట. అంతే. వదిన నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. అది విన్నాకే అన్న డాక్టరు దగ్గరికి సరేనన్నాడు.

ఆ మధ్యలోనే కౌన్సెలర్ నంబరు పనిచేయడం మానేసింది. ఆ సేవ ఆగిపోయిందని ఫోన్ తెర మీద రాసి ఉంది; దవాఖానలో అడిగితే ఆమె అక్కడ మానేసిందన్నారట. ‘‘మల్ల మొదటినుంచి ఎవల్ని నమ్మాలె?’’ అంది వదిన. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన వారంలోనే, ఒక పొద్దున బట్టలు ఆరేస్తూ గుండె పట్టుకుని కూలిపోయింది.

పిల్ల తల్లిని చూడటానికి కూడా బయటికి రాలేదు. డాక్టరు దగ్గరికి పోయే మాట ఇప్పుడు అన్న ఎత్తడు. నేను ఫోన్‌లో వెతుకుతున్నాను, తెల్లకోట్లు చాలా కనిపిస్తాయి. ఎవరు నిజమో తేల్చుకునే ఓపిక వదినకు ఉండేది, నాకు లేదు. తలుపు బయట కూర్చుంటే రెండు మాటలు చెప్పి లేచి వచ్చేస్తాను. అంతకాలం ఆమె ఎలా మాట్లాడిందో నాకిప్పుడు ఆశ్చర్యం.

మొన్న సాయంత్రం ఉన్నట్టుండి వాన పడింది. దండెం మీద నేను ఉతికి ఆరేసిన వదిన చీరలు తడుస్తున్నాయి. తీద్దామని పెరట్లోకి వెళ్లేసరికి పిల్ల గది కిటికీ కొంచెం తెరుచుకుంది. ఊచల్లోంచి ఒక చెయ్యి వచ్చి, దగ్గరగా ఉన్న చీర కొంగును పట్టుకుంది. నేను కదలకుండా నిలబడ్డాను. కాసేపటికి ఆ చెయ్యి కొంగు వదిలేసి లోపలికి పోయింది. కిటికీ మూసుకుంది.