బడి గంట మోగని నాడు

యెషయా ఒక్కచోట కూర్చున్నాడంటే ఒంట్లో బాగా లేదని అర్థం. అన్నం కూడా నిలబడే తింటాడు. భార్య ఎలీసబెతు పళ్లెం చేతికిస్తూ రోజూ తిడుతుంది.

"జర కూసోరాదు? ఎవలన్న ఎంటబడి తరుముతున్నరా నిన్ను?"

"కూసుంటే నడుం పట్టేస్తది," అంటాడు.

అది సగం నిజం. ఇరవై రెండేళ్లు భైంసాలో పత్తి బోరాలు మోసిన నడుం అది. మిగతా సగం ఎవరికీ చెప్పడు. తండ్రి బెంజమిన్ గొంతు క్యాన్సర్‌తో పోయినప్పుడు యెషయాకు పంతొమ్మిదేళ్లు. నొప్పికి తువ్వాల నోట్లో కుక్కుకుని ఆ మనిషి పన్నెండు రోజులు కొట్టుకున్నాడు. అరుపులు వాడకు వినపడతాయని తల్లి తలుపులు మూసింది. యెషయా గడప మీద కూర్చున్నాడు. కూర్చోవడం తప్ప ఇంకేమీ చేతకాలేదు. అప్పటి నుంచి కూర్చోవడమంటేనే అతనికి పడదు.

నడుం పోయి బోరాలు మోయడం మానేశాక దవాఖాన బండిలో పని దొరికింది. ఇక నయం కాదని పెద్ద దవాఖానల వాళ్లు ఇంటికి పంపేసిన రోగుల దగ్గరికి ఆ బండి పోతుంది. నొప్పి తగ్గిస్తారు, పుండ్లు కడుగుతారు, ఎట్లా చూసుకోవాలో ఇంట్లోవాళ్లకు నేర్పుతారు. నర్సు మహిమ సిస్టర్. పెట్టె మోసేది యెషయా. బండి ఒక్కో ఊరికి వారానికి ఒకసారే వస్తుంది. యెషయా ఖానాపూర్‌లోనే ఉంటాడు గనక, బండి రాని రోజుల్లో చుట్టుపక్కల ఇళ్లు చూసి వచ్చే పని కూడా అతనికే పడింది.

ఆ ఇళ్లల్లో ఒకటి గంగయ్యది. గంగయ్యకు డెబ్బై ఏళ్లు. భార్య రుక్మాబాయికి గర్భసంచిలో మొదలైన క్యాన్సర్ వెన్నులోకి పాకింది. హైదరాబాద్‌లో రెండు నెలలు ఉంచి, ఇంక చేసేదేమీ లేదని పంపేశారు. బండి మొదటిసారి వచ్చిన రోజే ఆమె మహిమ సిస్టర్ చెయ్యి పట్టుకుంది.

"నన్ను మల్ల యాడికి తీస్కపోకుండ్రి బిడ్డా. గా పైపులు, గా లైట్లు నాకొద్దు. గీ అర్రల్నే కండ్లు మూస్త."

సిస్టర్ నొప్పికి మార్ఫిన్ గోళీలు ఇచ్చింది. ఒకప్పుడు అవి జిల్లాలో ఎక్కడా దొరికేవి కావు. నొప్పి వచ్చినప్పుడు కాదు, రాకముందే, నాలుగు గంటలకొకటి వేయాలి. చిక్కల్లా అక్కడే వచ్చింది. గంగయ్యకు గడియారం చూడరాదు. సిస్టర్ అతని ఫోన్‌లో అలారం పెట్టిపోతే, వారం తర్వాత ముసలాయన యెషయాను పక్కకు పిలిచాడు.

"ఎవడో రోజుకు ఐదు మాట్ల ఫోన్ చేస్తుండు. హలో అంటే మాట్లాడడు. నేను గూడ కట్ చేస్తున్న."

అప్పుడు యెషయాకు తోచింది. బోరాలు మోసేవాళ్లకు మాత్రం గడియారం ఎక్కడిది? మిల్లు సైరనే గడియారం. అట్లనే గంగయ్యకు చెప్పాడు.

"పొద్దుగాల నిర్మల్ బస్సు హారన్ కొడ్తది గద, అప్పుడొకటి. బడి మొదటి గంటకొకటి. పగటి బువ్వ తిని పిల్లలు మల్ల లోపటికి పోయే గంటకొకటి. మాపటికి మసీదుల నమాజు ఇనవడంగనె ఒకటి. పండేటప్పుడు రెండు, నడిరాత్రి లేసే పని లేకుంట. మర్సిపోతవా కాకా?"

"గిదైతే ఎందుకు మర్స్త!" అన్నాడు గంగయ్య.

మరచిపోలేదు కూడా. బడి లేని ఆదివారాలు ఆ రెండు గంటలకూ యెషయానే ఫోన్ చేసి గుర్తుచేసేవాడు. నెల రోజులు రుక్మాబాయి నిద్రపోయింది. గోడకు ఆనుకుని కూర్చుని జొన్నరొట్టె చారులో నానబెట్టుకుని తిన్నది. గోళీల లెక్క తప్పలేదని సిస్టర్ మెచ్చుకుంటే యెషయా వాకిట్లో ఊరికే అటూ ఇటూ నడిచాడు.

ఆ శుక్రవారం పొద్దున పది దాటాక గంగయ్య నుంచి ఫోన్ వచ్చింది. మాటల వెనక రుక్మాబాయి మూలుగు వినపడుతోంది.

"జల్ది రా యెషయా. ఆమె ఆగుతలేదు. మా పోరడు భైంసా నుంచి వచ్చిండు. అంబులెన్సు మాట్లాడిండు. హైదరాబాద్ తీస్కపోతడట."

యెషయా మోటార్ సైకిల్ తీశాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. గోళీలు పనిచేయడం మానేశాయా? రోగం ఒక్కసారిగా పెరిగిందా? ఐదారు గంటల దారిలో ఆ వెన్నెముక ఏమవుతుంది?

వాకిట్లో కొడుకు హరీష్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తిరుగుతున్నాడు. భైంసాలో పత్తి కొని అమ్మే మనిషి. యెషయాను గుర్తుపట్టాడు.

"నువ్వు మార్కెట్ల బోరాలు మోసినోనివే గదా? మందుల సంగతి నీకేం ఎర్క? మా అవ్వను గిట్ల సావనిడిసిన్రు!"

యెషయా నేరుగా అర్రలోకి పోయాడు. రుక్మాబాయి ఒక పక్కకు ముడుచుకుని చీర కొంగు పళ్లతో పట్టుకుంది. అది చూసి అతను గూట్లో ఉన్న గోళీల డబ్బా తీసి కింద పోసి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఐదు ఎక్కువ ఉన్నాయి.

"కాకా, ఎన్ని ఏసినవ్? నిన్న ఎన్ని?"

"నువ్వు చెప్పినట్టే ఏసిన. బస్సుకేసిన, నమాజుకేసిన, రాత్రి రెండేసిన."

"బడి గంటలకు?"

గంగయ్య బిత్తరపోయి చూశాడు. "బడి ఏడున్నది? మొన్నటి సంది దసరా తాతీళ్లు గద. గంట కొడ్తలేరు."

మొన్న రెండు, నిన్న రెండు, ఇవాళ పొద్దున ఒకటి. లెక్క సరిపోయింది. ఆదివారాలు కాక ఇట్లా వరస సెలవులొస్తాయని యెషయాకు తట్టలేదు.

హరీష్ గడపలో నిలబడి వింటున్నాడు. "బాపూ! గంట కొట్టకుంటే ఎయ్యవా? అంత సోయి లేదా నీకు? అవ్వ గిట్ల కొట్టుకుంటుంటె..."

గంగయ్య చేతులు పిసుక్కుంటూ డబ్బా వైపు వంగాడు. "పోనీ గా ఐదు ఇప్పుడొక్కపారి ఎయ్యనా?"

యెషయా డబ్బా లాక్కున్నాడు. "ఆగు కాకా! పానం పోతది!"

ముసలాయన వెనక్కి జరిగి గోడకు కరుచుకుపోయాడు. తప్పు అతని మీదికి పోయింది. యెషయా నోరు మూసుకుంటే అక్కడే ఉండిపోతుంది కూడా. నిలబడ్డచోటే కాళ్లు మార్చుకున్నాడు.

"కాకను అనకు, హరీష్ సేటూ. బడి గంట చెప్పింది నేను. తాతీళ్ల సంగతి సోచాయించనిది నేను. నీకు కొట్టబుద్దయితే నన్ను కొట్టు. గని ఒక్క గంట ఆగు. అప్పటికీ తక్కువ గాకుంటే అవ్వను నా చేతులతోనే బండిల పండబెడ్త."

మహిమ సిస్టర్‌కు ఫోన్ చేశాడు. ఆమె కడెం దిక్కు ఇంకో రోగి దగ్గర ఉంది. "ఇప్పుడు వేయాల్సింది ఒక్కటే వేయండి," అంది. "అరగంటలో మళ్లీ చెప్పండి. అప్పటికి తగ్గకపోతే ఏం చేయాలో చెప్తా. మీ అంతట మీరు ఇంకొకటి వేయొద్దు. సాయంత్రానికి నేనొస్తా."

గంగయ్య రుక్మాబాయి తల ఎత్తి పట్టుకున్నాడు. గోళీ, రెండు గుక్కల నీళ్లు. ఆ తర్వాత చేయాల్సిందేమీ లేదు. చూడటమే.

యెషయా వాకిట్లోకి పోయాడు, లోపలికి వచ్చాడు, మళ్లీ పోయాడు. అరగంటకు కూడా కొంగు ఆమె పళ్ల మధ్యే ఉంది. సిస్టర్‌కు చెప్పాడు. ఆమె ఇంకొక్కటి వేయమంది, వేశారు. హరీష్ మంచం పట్టె మీద కూర్చుని ఫోన్‌లో టైము చూస్తున్నాడు. మధ్యలో అంబులెన్సు వచ్చి వాకిలి ముందు హారన్ కొట్టింది. డ్రైవర్ లోపలికి తొంగి చూశాడు.

"పేషంట్‌ను తెస్తున్నరా, లేదా? నాకు ఇంకో కిరాయి ఉన్నది."

"ఆగు," అన్నాడు హరీష్. అన్నాక తనే ఆశ్చర్యపోయినట్టు యెషయా వైపు చూశాడు.

ఇంకో పావుగంట పోయింది. రుక్మాబాయి పళ్ల మధ్య నుంచి కొంగు జారింది. ముడుచుకున్న కాళ్లు కొంచెం చాచింది. కళ్లు తెరిచి కొడుకును చాలాసేపు చూసింది.

"ఎప్పుడొచ్చినవ్ రా? బువ్వ తిన్నవా?"

హరీష్ ఆమె మీదికి వంగాడు. "అవ్వా, బండి వచ్చింది. హైదరాబాద్ పోదామా?"

"ఎందుకు? గాడ నన్ను అద్దాల అర్రలేస్తరు. నిన్ను బయట నిలబెడ్తరు." ఊపిరి తీసుకుని అంది, "నాకు దవాఖాన ఒద్దు కొడుకా. నీకు తీరితె నువ్వుండు."

హరీష్ లేచి బయటికి పోయాడు. డ్రైవర్ గొణుగుడు, బండి వెనక్కి తిరిగిన చప్పుడు లోపలికి వినపడ్డాయి. తిరిగి వచ్చి యెషయా ముందు చెయ్యి చాచాడు.

"గా డబ్బా నాకియ్యి. ఎప్పుడెప్పుడు ఎయ్యాల్నో రాసియ్యి. దీపావళి దాంక నేను యాడికీ పోను."

"రాసుడు నాకు సక్కగ రాదు సేటూ. నేను చెప్త, నువ్వు రాస్కో."

హరీష్ రాసుకున్నాడు. రెండుసార్లు చదివి వినిపించాడు. గంగయ్య పొయ్యి మీద చాయ పెట్టి, యెషయాకు పీట వాల్చాడు.

"కూసో బిడ్డా. పొద్దుగాల సంది నిలవడే ఉన్నవ్. చాయ తాగి, ఇంత తిని పోదువు."

యెషయా పీట మీద కూర్చున్నాడు కూడా. గ్లాసు అందుకున్నాడు. ఒక్క గుక్క తాగి, ఉన్నట్టుండి లేచాడు.

"ఏమైంది రా?"

"గిదే బడి గంట ఇంకో రెండిండ్లల్ల చెప్పిన కాకా."

గ్లాసు గడప మీద పెట్టి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే మోటార్ సైకిల్ దగ్గరికి పరుగెత్తాడు.