తలుపు మూసి మాట్లాడిన బుధవారం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: నోటుపుస్తకంలో గళ్లు గీసి రాసుకుంటే మనుషులు కూడా ఆ గళ్లలోనే నడుస్తారని. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే రోడ్డు మీద, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో టీమ్ లీడర్‌ని. నా కింద ఆరుగురు మెకానిక్‌లు (కింద అన్నది కాగితం మీది మాట, పనిలో అందరూ నాకు పైవాళ్లే). వాళ్లలో పెద్దాయన్ని అందరం చాచా అనేవాళ్లం. రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చేవాడు. ఇంజను చప్పుడును బట్టే దాని రోగం చెప్పేవాడు.

ఒకసారి నన్ను హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణకు పంపారు. టీమును నడిపేవాడికి ఒక క్రమం ఉండాలనీ, వారం వారం ఒక్కొక్కరితో పావుగంట విడిగా మాట్లాడాలనీ అక్కడ చెప్పారు. తిరిగొచ్చీ రాగానే బుధవారాలు దానికి కేటాయించాను. గౌరవం కదా అని మొదట చాచానే అద్దాల గదిలోకి పిలిచి, తలుపు మూసి, ప్రశ్నల కాగితం ఒకటి చేతికిచ్చాను. "చదివి, మీ ఇబ్బందులేంటో చెప్పండి చాచా." ఆయన కాగితాన్ని దగ్గరగా పట్టుకున్నాడు, చేతులు చాచి దూరంగా పట్టుకున్నాడు, చివరికి బల్ల మీద పెట్టేశాడు. "ఇబ్బందేం లేదు సార్. అంత మంచిగనే ఉంది." మిగిలిన పద్నాలుగు నిమిషాలూ మనసు విప్పి మాట్లాడుకోవడం ఎంత అవసరమో నేనే మాట్లాడాను. 'సమావేశం బాగా జరిగింది' అని రాసుకున్నాను కూడా.

మర్నాడు చాచా రాలేదు. ఆ మర్నాడూ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. అసలే వరికోతల కాలం. షెడ్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. "చాచా రాకుంటె చెప్పన్నా, వేరేతాన సూపిచ్చుకుంట" అని ఒక రైతు లేచాడు. మిగతా మెకానిక్‌లు నాతో ముభావంగా ఉన్నారు. గట్టిగా అడిగితే ఒకతను రెంచి కింద పెట్టి అన్నాడు: "గా రూముల తలుపు మూసి మాట్లాడినోళ్లందరు మల్ల రాలే సార్. మీకంటె ముందటాయన అట్లనే ముగ్గుర్ని తీసేసిండు."

మధ్యాహ్నమే బండి మీద బోధన్ వెళ్లాను. చాచా భార్య, మేం చాచీ అనే ఆవిడ, గుమ్మంలోనే నిలబడి, "నౌకరీ తీసేసి మల్ల ఇంటిదాక ఎందుకొచ్చినవ్ బేటా?" అంది. లోపల మంచం మీద కూర్చున్న చాచా తలెత్తలేదు.

"నా కండ్ల సంగతి నీకెవరు చెప్పిండ్రు?"

"ఏ సంగతి చాచా?"

"మరి సదువుమని కాయిదమెందుకిచ్చినవ్?"

అది అందరికీ ఇవ్వాలనుకున్న కాగితమేననీ, ఎవర్నీ తీసేయలేదనీ చెప్పాను. తర్వాత ఆయనే చెప్పాడు. ఏడాదిగా చూపు మసకబారింది. నట్టు చేతికి తెలుస్తుంది గాని రాత కంటికి ఆనదు. శుక్లాలకు ఆపరేషన్ చేయాలన్నారు, కానీ పనికి నెలరోజులు రాకపోతే ఆ జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటారని భయం. "సెలవు సంగతి నన్ను అడగనీ చాచా" అని లేచాను. మా యజమానితో నేను మొదటిసారి గొంతు పెంచి మాట్లాడింది ఆ సాయంత్రమే. (పెంచిన గొంతు వణికింది, అది వేరే సంగతి.) సెలవు దొరికింది.

ఆపరేషనై తిరిగొచ్చిన రోజు చాచా నాకొక సలహా ఇచ్చాడు. "మాట్లాడుడు మంచిదే సార్. గని లోపటికి పిలువకు, నువ్వే వచ్చి పక్కకు కూసో. చేతులు పనిల ఉంటె నోరు దానంతలదే తెరుసుకుంటది." అలాగే చేశాను. కొన్ని నెలల తర్వాత పని తొందరలో ఒక బుధవారం ఎవరి దగ్గరా కూర్చోలేదు. సాయంత్రం బస్సుకు పోతూ చాచా ఆగాడు. "ఏం సార్, గీ వారం నా మీద అలిగినవా?"

నేను పెట్టుకున్న క్రమం నిజంగా నిలబడిందని నాకు తెలిసింది ఆ మాటతోనే. ఇప్పుడు మూడు షెడ్లు చూస్తున్నాను. బుధవారం ఎవరో ఒకరి పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. చాలాసేపు ఏమీ మాట్లాడను. ఈ ఒక్కటి నేర్చుకోవడానికే, నవ్వకండి, నాకు అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది.