మంగ్లి గాజులు, మా బి.పి. మిషను

1974. తిరువూరు ప్రభుత్వాసుపత్రిలో నేను హెల్త్ విజిటర్‌ని. సగం రోజు ఆసుపత్రిలో గర్భిణుల్ని చూడాలి, మిగతా సగం ఊళ్ళు తిరిగి, రానివాళ్ళని రప్పించాలి. ఇప్పుడు దాన్ని కౌన్సెలింగ్ అంటున్నారు. అప్పట్లో మేము నచ్చజెప్పడం అనేవాళ్ళం. నచ్చజెప్పడమంటే మా పైవాళ్ళ లెక్కలో అవతలి మనిషి నోరు మూసుకుని మన మాట వినడం. ఆ లెక్క నాకు మొదటినుంచీ గిట్టలేదు. గిట్టలేదన్న సంగతి దాచుకోనూ లేదు. అందుకే ఆసుపత్రిలో నాకు నోరెక్కువని పేరు.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం ఎ.కొండూరు దగ్గరి తండా నుంచి మంగ్లి అనే లంబాడీ అమ్మాయి వచ్చింది. వెంట భర్త భీక్యా ఉన్నాడు. ఆమెకి ఎనిమిదో నెల. కాళ్ళు పొంగి ఉన్నాయి, తలనొప్పి, కళ్ళు మసకలంటోంది. మా పనిలో ఉన్నవాళ్ళెవరికైనా ఆ మూడూ కలిపి వింటే ఒకటే అనుమానం వస్తుంది. టాక్సీమియా అంటారు. గర్భిణికి రక్తపోటు పెరిగి, చూస్తుండగానే ఫిట్స్ వస్తాయి. పల్లెల్లో దాన్ని గుర్రపువాతం అనేవాళ్ళు. వస్తే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కని సందర్భాలు నేను చూశాను.

ముందు బి.పి. చూడాలి. మిషనుకి ఉండే గుడ్డపట్టీని, దాన్ని కఫ్ అంటారు, మోచేతికి పైన చుట్టి గాలి కొట్టాలి. మంగ్లికి మోచేతి పైన చుట్టడానికి చోటే లేదు. భుజం దాకా తెల్లటి ఎముక గాజులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. మోచేతి కింద కూడా మణికట్టు దాకా గాజులే. తీయమంటే ఆమె తల అడ్డంగా ఊపింది. డాక్టరుగారికి బయట బోలెడంతమంది రోగులున్నారు. కటింగ్ ప్లేయరు తెమ్మని కేకేశారు. అది గదిలోకి రావడం చూడగానే మంగ్లి లేచి, చేతులు రెండూ పైట కిందకి లాక్కుని, వెళ్ళిపోయింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అన్నారు డాక్టరుగారు. "వీళ్ళు మారరమ్మా. నెక్స్ట్."

ఆయన చెడ్డవాడు కాదు. రాత్రీ పగలూ చూడకుండా పనిచేసే మనిషి. కానీ ఆ 'నెక్స్ట్' విని నా ఒళ్ళు మండింది. ఫిట్స్ వచ్చేదాకా ఉలిపికట్టె అని ఊరుకుందామా అని అడిగాను. నీకంత బాధైతే నువ్వే వెళ్ళి తీసుకురా అన్నారు. సరే, వెళ్తానన్నాను. మర్నాడు మిషను సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

తండాలో నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు. మంగ్లి గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు నన్ను చూసి వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వారు. ఆమెకి దగ్గరవుదామని నా సంగతి మొదలుపెట్టాను. నాది పెనుగొలనులో ఊరి బయట పల్లె, క్రైస్తవుల పిల్లని, టీకాలు వెయ్యడానికి పెద్దిళ్ళకి వెళ్తే నన్ను వసారా దాటనివ్వరు, మంచినీళ్ళు దోసిట్లో పోస్తారు, బయటిదానిలా నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

మంగ్లి చేట ఆపలేదు. "నువ్వు తెల్లచీర కట్టుకుని బల్ల మీద కూర్చుంటావు నర్సమ్మా. నేను బల్ల కింద కూర్చుంటా. నీ కష్టం నాకు చెప్పమాకు."

కోపం వచ్చింది. ఎండలో ఇంత దూరం వస్తే ఇదా మర్యాద అనిపించింది. ఇంకో మాటా తోచింది: నేను నా గాయం తెచ్చి ఆమె ముందు పెడితే, ఆమె తన నొప్పి పక్కన పెట్టి నన్ను ఓదార్చాలా? ఇక నా కథ కట్టిపెట్టి చేటకి అవతల నేల మీద కూర్చున్నాను. జొన్నల్లో రాళ్ళేరుతూ, గాజులు తీస్తే ఏమవుతుందో చెప్పు, నాకు తెలియదు అన్నాను.

అప్పుడు చెప్పింది. మోచేతి పైన గాజులు పెళ్ళికి వేస్తారు, మొగుడు పోయినప్పుడే తీస్తారు. అంతవరకు నాకూ తెలుసు. ఆ తర్వాతది తెలియదు. పక్క గుడిసె వైపు గడ్డం ఎత్తి చూపింది. అక్కడ ఒకావిడ ఒంటరిగా పొయ్యి ఊదుకుంటోంది. ఆమె పేరు దాళి. చెయ్యి వాస్తే ఏదో ఆసుపత్రిలో గాజులు కోయించుకుంది. ఆ వానాకాలమే మొగుణ్ణి పాము కరిచింది. దానికీ దీనికీ సంబంధం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. మొగుణ్ణి మింగిందన్నారు. అప్పటినుంచీ పెళ్ళిళ్ళకి పిలవరు, ఆమె ఎదురొస్తే మొహం తిప్పుకుంటారు.

మేమంతా దాన్ని మూఢనమ్మకం అనుకున్నాం. మంగ్లి నమ్ముతుందో లేదో ఈనాటికీ నాకు తెలియదు, అడగలేదు. ఆమె భయం పాముది కాదు, మనుషులది. ఊళ్ళో ఎటూ బయటివాళ్ళే, తండాలో కూడా బయటిది అయిపోతే ఆమె ఎక్కడికి పోవాలి?

ఇంతలో భీక్యా వచ్చాడు. పాపం, పెళ్ళామంటే ప్రాణం ఆ మనిషికి. "నేను చెప్తున్నాగా, తీసెయ్," అన్నాడు.

మంగ్లి మొగుడికేసి చూసి, "నువ్వుంటే నీ మాట చెల్లుద్ది. నువ్వు పోతే ఎవరి మాట చెల్లుద్ది?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు నా శిక్షణలో ఎవరూ చెప్పలేదు. అలాగని ఆమె మెప్పు కోసం తీపి మాటలూ చెప్పదలుచుకోలేదు. కాళ్ళు ఎందుకు పొంగాయో, ఫిట్స్ వస్తే ఏమవుతుందో, ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వు పోవచ్చు, బిడ్డ పోవచ్చు, రక్తపోటు ఎంతుందో చూడందే నేనేమీ చెప్పలేను, తేల్చుకోవాల్సింది నువ్వే అన్నాను. ఆమె చేట కింద పెట్టింది. తన కాళ్ళకేసి చూసుకుంది.

"మీరు చూసే ఆ రక్తం చేతుల్లోనే ఉంటదా? ఒళ్ళంతా లేదా?"

అడిగింది నిజంగా తెలుసుకోవడానికే. నాకు శిక్షణ రోజుల్లోని కాలిన గాయాల వార్డు గుర్తొచ్చింది. రెండు చేతులూ కాలిన రోగిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, కఫ్ తొడకి చుట్టి, మోకాలి వెనక స్టెతస్కోపు పెట్టి విన్నాం. చేతి దగ్గరకంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది, అది తీసివేసి చూసుకోవాలని కూడా చెప్పారు. అంతా తెలిసీ ముందురోజు ఆసుపత్రిలో ఒక్కరికీ తోచలేదు.

గుడిసెలో ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటి అడ్డం పట్టుకుంటే, మంగ్లి తొడకి కఫ్ చుట్టి విన్నాను. ఎంత తీసివేసి చూసినా పోటు భయపెట్టేంత ఉంది. చెప్పాను. మంగ్లి వస్తానంది, కానీ ఒక షరతు పెట్టింది. "నా చేతులు ముట్టుకోరని నువ్వు మాటియ్యి." ఇచ్చాను. ఆ మాటిచ్చే అధికారం నాకు లేదు. ఆ పూటే వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాను.

డాక్టరుగారు నా లెక్క ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం న్యాయమే, నా మాట మీద మందు రాయలేరు, తానే వినాలి. మంగ్లిని బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, కఫ్ చుట్టి, కాళ్ళ దగ్గర స్టూలు వేశాను. ఆయన స్టూలునీ, దుమ్ము కొట్టుకుపోయిన ఆ పాదాల్నీ చూశారు.

"నేను ఈమె కాళ్ళ దగ్గర కూర్చోవాలా?" అన్నారు.

గదిలో ఆయా ఉంది, భీక్యా ఉన్నాడు, గుమ్మం దగ్గర పదిమంది రోగులున్నారు. నేను గొంతు తగ్గించలేదు.

"మొగుడుండగా గాజులు తీసెయ్యమని అడగడం మీకు చిన్న మాట అనిపించింది సార్. కాళ్ళ దగ్గర కూర్చోవడం అంత పెద్ద మాటా?"

ఆయన మొహం ఎర్రబడింది. ట్రాన్స్‌ఫర్ కావాలా నీకు అన్నారు. ఇప్పించండి, ముందు బి.పి. చూడండి అన్నాను. బల్ల ముందునుంచి జరగలేదు. మాటిచ్చింది నేను. మంగ్లి తల తిప్పి ఆయన్నే చూస్తోంది, చేతులు రెండూ గుండెలకి హత్తుకుని. చివరికి ఆయన స్టూలు లాక్కున్నారు. ఒకసారి విన్నారు, మళ్ళీ గాలి కొట్టి ఇంకోసారి విన్నారు. లేచి, నావైపు చూడకుండానే, వెంటనే చేర్చుకోమని, వెలుతురుకి ఫిట్స్ రాకుండా గది చీకటి చెయ్యమని, పక్కన మనిషిని పెట్టమని వరసగా చెప్పారు. ఆ రోజునుంచి కాన్పు దాకా పూటపూటా ఆయనే వచ్చి ఆ స్టూలు మీద కూర్చుని చూశారు. మంగ్లికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఒక్క గాజు కూడా తియ్యలేదు. ట్రాన్స్‌ఫర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటంటే, బయటివాళ్ళమని కుమిలిపోయే మనిషికి మన జాలి అక్కర్లేదు, మన కథా అక్కర్లేదు. ఆమెకి ఏం పోతుందో ఆమె నోటే వినాలి. ఆమెకి ఏ ప్రమాదం ఉందో దాచకుండా చెప్పాలి. ఆ రెంటికీ మధ్య దారి లేకపోతే వంగాల్సింది ముందు ఆసుపత్రి. దీన్ని చాలామంది మెత్తదనం అనుకుంటారు. నా అనుభవంలో దీనికి కావలసింది మొండితనం.

ఆ తర్వాత తండా ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. చెప్పకుండానే బల్లెక్కి, పక్కకి తిరిగి, కాలు చాపేవాళ్ళు. కొన్నాళ్ళకి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఒకాయన అది చూసి బిత్తరపోయి, "ఏంటమ్మా ఇది, డాక్టరు మొహం మీదికి కాళ్ళు చాపుతున్నారు, వీళ్ళకి మర్యాద తెలియదా?" అన్నాడు.

"తెలుసండి," అని స్టూలు ఆయన ముందుకి జరిపాను. "మీరు కూర్చోండి."