మా మామను సౌమ్యుణ్ణి చేసిన పేపరు

ఆ రోజుల్లో మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు పేపర్లో పేరు పడిన ప్రతి మగవాడూ సౌమ్యుడే. చచ్చిపోతే సౌమ్యుడు, శాలువా కప్పితే సౌమ్యుడు, సొసైటీ ఎన్నికల్లో నిలబడితే సౌమ్యుడు. పెళ్లాన్ని వీధిలోకి తరిమి తలుపేసుకున్న ఒక పెద్దమనిషి పోయిన మర్నాడు 'సౌమ్యుడు, మృదుభాషి' అని వేస్తే, ఆ పెళ్లామే చదివించుకుని, "ఎవుర్ని గురించప్పా ఇది?" అని అడిగింది. విలేకరులు మనిషిని చూసి రాసేవాళ్లు కాదు. ఆ మాట తగిలించకపోతే వార్తకు గుండీ ఊడినట్టు బాధపడేవాళ్లు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క మాట మా ఐదెకరాల మిరపచేనును నిలువునా ఎండగట్టబోయింది మరి. (ఐదు కాదు, ఎకరన్నర. కోపం వస్తే నా పొలం పెరుగుతుంది.)

మా మేనమామ కాలువ మీద లస్కరు. పైచేలవాళ్లు నీళ్లు మళ్లించుకోకుండా కాపలా కాసి, చివరి చేనుదాకా పారించడం ఆయన పని. ఆ పనికి ఆయన దగ్గరున్న అసలు పనిముట్టు నోరు. ఆయన కేకేస్తే మంత్రాలయంలో భక్తులు ఉలిక్కిపడేవారు. (పక్క ఊరిదాకా వినపడేది, అంతే.) ఆయన సైకిలు గంట వినగానే, కాలువకు అడ్డంగా రాళ్లేసినవాడు తానే దిగి తీసేసేవాడు. అందరికంటే చివరి చేను మాది. డిగ్రీ తప్పిన నేను ఆ ఏడు మిరప వేశాను. అది పండకపోతే ఆదోని జిన్నింగు మిల్లులో దూది మోయడానికి పంపిస్తానని మా నాన్న ముందే చెప్పేశాడు.

అలాంటి మామ ఒకనాడు కాలువలో కొట్టుకుపోతున్న పాడి ఎనుమును గట్టుకు లాగాడు. ఊళ్లో యువజన సంఘం శాలువా కప్పింది. మేమంతా పేపరన్న అని పిలిచే ఆదోని విలేకరి వచ్చి, 'సౌమ్యుడిగా పేరొందిన లస్కరు' అని రాసి పారేశాడు. ఊరు నవ్వి ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణే. కానీ మామ నమ్మాడు! మర్నాడు కాలువలో రాళ్లు చూసి, చేతులు కట్టుకుని, "అన్నా, కింద పిల్లోనిది మిరప ఎండిపోతాండాది, రవ్వంత సూడు" అన్నాడు.

"సూస్తాంలే సౌమ్యుడా, నువ్వు పోయి నీడకు కూసో" అన్నాడు రాళ్లేసిన ఆసామి.

"ఏంది మామా ఇది? తిట్టు!" అని నేను చిందులు తొక్కాను.

"పేపర్లో ఏసినాక నోరు పారేసుకుంటే బాగుంటాదేమిరా? రాసినోనికి మాటొస్తాది."

మిరపాకులు ముడుచుకుంటున్నాయి. ఆదోనికి బస్సెక్కాను. బస్టాండు దగ్గరున్న పేపరన్నను కాలరు పట్టి ఎత్తి గోడకేసి కొట్టాను. (కొట్టలేదు. ఆయన టీ ఇప్పించాడు. తాగుతూనే అరిచాను.) "మా మామ కోపిష్టి అని రేపే రాయి!"

"కోపిష్టి అని రాస్తే కేసు పడతాదప్పా. అయినా శాలువా వార్తకు సౌమ్యుడు అని ఏయక ఏమేస్తాం?"

"ఆ ముక్క నువ్వే వచ్చి మామకు సెప్పు" అని రెక్క పట్టి బస్సెక్కించాను.

గట్టు మీద పేపరన్నను చూడగానే మామ తలగుడ్డ సర్దుకున్నాడు. "అందురూ నన్ను కసిరేటోడనే అనిరి. నీ ఒక్కనికే కనపడిందప్పా. నాలో ఏం సూసి రాసినావు?"

పేపరన్న నసిగాడు. నేను కళ్లెర్రజేస్తే కక్కేశాడు. "సూసేదేముందప్పా, అందురికీ అదే రాస్తాం. మట్కా ఆడించే ఆయప్పకు శాలువా కప్పితే ఆయప్పకూ అదే ఏసినా."

మామ తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. తర్వాత గొంతు లేచింది. మొదట పేపరన్నను, తర్వాత నన్ను, ఆపైన పైచేలవాళ్లను తాత ముత్తాతలతో సహా కడిగేశాడు. "రాళ్లు తీస్తారా, మిమ్మల్నే రాళ్ల కింద ఏసేదా?" ఆసామి పంచె ఎగగట్టి నీళ్లలోకి దూకాడు. పేపరన్న చెప్పులు చేతబట్టుకుని జొన్నచేనుకు అడ్డంపడి పరిగెత్తాడు. నీళ్లు కదిలాయి.

ఆ సాయంత్రం మామ సైకిలు తొక్కుతుంటే వెనక కూర్చున్నాను. ఆయన గొంతు బొంగురుపోయింది. మా చేను దగ్గర మెల్లగా అన్నాడు: "ఆ నాల్గు దినాలు బాగుండెరా. మీ అత్త పక్కన కూసోని అన్నం పెట్టె. పిల్లోల్లు దగ్గిరికొస్తాండ్రి."

నేను "ఊ" అన్నాను. నా చూపంతా చాళ్లలో పాకుతున్న నీళ్ల మీదే ఉంది. ఆ ఏడు మిరప మా పంచలో పట్టనంత పండింది. (పట్టింది.) నా కోపం పేపరన్న మీదేనని ఇప్పటికీ అందరితో అంటుంటాను. కానీ సైకిలు వెనక కూర్చున్న ఆ కుర్రవెధవను తలుచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. 'నువ్వు మంచోనివే మామా' అందామనే అనుకున్నాడు వాడు. నీళ్లు చివరి చాలుదాకా పారనీ, అప్పుడు చెబుదామనుకున్నాడు. పారాక మరిచిపోయాడు.